పిల్లల చేతిలోని కాగితము: ‘ఈగిల్’ వారపత్రికపై ఒక విమర్శ

పిల్లవాని చేతిలోని చెడ్డ పుస్తకమును లాగివేయుట తల్లిదండ్రులకు క్షణకాలపు పని. ఖాళీయైన ఆ చేతిలో నేమి పెట్టవలెనను ప్రశ్నకు బదులు చెప్పగలవారు మాత్రము మిక్కిలి యరుదు. సంస్కారము కోరెడి గృహములందు మొదటి పని నిత్యము జరుగుచుండును. రెండవది రేపటికి వాయిదా పడుచుండును. బాలసాహిత్యమును గూర్చి సభలలో జరిగెడి ప్రసంగములును ఇట్టివే. ఏది చదువరాదో చెప్పుటతోనే ఉపన్యాసకుని కాలము ముగిసిపోవును.

ఈ కారణముచేత, ఆ రెండవ పనికే పూనుకొని, దానిని కొన్నియేండ్లు ఘనముగా నెగ్గించి, పిమ్మట కొంత తన లోపములవలనను, కొంత యజమానుల మార్పువలనను నేలకూలిన యొక పత్రిక చరిత్రను మా పాఠకుల ముందుంచ దలచితిమి. అది ఇంగ్లండులో 1950 ఏప్రిల్ 14వ తేదీ శుక్రవారమునాడు మొదటి సంచికతో వెలువడిన ‘ఈగిల్’ అను బాలుర వారపత్రిక. ఈగిల్ అనగా గరుడపక్షి.

ఆ చరిత్రను చెప్పువారు సామాన్యముగా దానినొక నీతికథగా చెప్పుదురు. చెడ్డ పత్రికలను జూచి యొక మతాచార్యునికి మనసు కలగెను, ఆయన మంచి పత్రికను స్థాపించెను, మంచి గెలిచెను. ఇందు సత్యము సగమే. మంచి గెలిచిన మాట నిజము. అది ఏల గెలిచెనో, గెలిచినది ఏల నిలువలేదో విచారింపనిచో ఈ కథవలన మనకు గలుగు లాభము లేదు.

ఇంగ్లండులో పిల్లల పత్రికలకును సంస్కర్తలకును గల తగవు పాతది. పందొమ్మిదవ శతాబ్దిలో హత్యలు, దోపిడులు నిండిన కథలను ఒక్కొక్క పెన్నీకి వీధులలో నమ్మెడివారు. వానికి విరుగుడుగా క్రైస్తవ గ్రంథ ప్రచారకులు 1879లో ‘బాయ్స్ ఓన్ పేపర్’ను ప్రారంభించిరి. 1890లో ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ ‘కామిక్ కట్స్’ అను బొమ్మల పత్రికను అరపెన్నీకే యమ్మి, ఈ వ్యాపారమునందు చౌకదనమునకు గల బలమెట్టిదో చూపెను. 1937 డిసెంబరులో ‘డాండీ’యు, 1938 జూలైలో ‘బీనో’యు స్కాట్లండునందలి డండీ నగరమునుండి డి. సి. థామ్సన్ సంస్థవారి పక్షమున వెలువడినవి. ఇవి అల్లరి పిల్లల హాస్యపత్రికలు. వీనియందు పెద్దవారి గర్వభంగము తప్ప మఱియొక పాపము లేదు.

ఇవిగాక, బొమ్మలకంటె వచనమే యెక్కువగా గల బాలుర వారపత్రికలు వేఱుగా నుండెను. వానిలో 1908 నుండి 1940 వఱకు వచ్చిన ‘మాగ్నెట్’ ప్రసిద్ధమైనది. ఆ పత్రికతో మనదేశమునకొక సంబంధము గలదు. అందలి విద్యార్థులలో హరీ జంసెట్ రాంసింగ్ అను నొక భారతీయ బాలుడుండెను. ఆ పేరు హిందువుదో, పారసీదో, సిక్కుదో చెప్పుట కష్టము. మూడు మతముల పేర్లను కలిపి ముడివేసినట్లున్నది. అతడు భానీపూరు అను నొక కల్పిత సంస్థానమునకు నవాబట. మంచివాడు, ఔదార్యముగలవాడు, క్రికెట్టు నాటయందు నేర్పరి. కాని నోరు తెఱచినచో వచ్చునది వంకర ఇంగ్లీషు. మన జాతి బాలుని స్నేహితునిగా నంగీకరించుచునే నవ్వులపాలు చేసిన యీ పద్ధతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక. దీనితో మఱల పని గలదు.

1940లో జార్జి ఆర్వెల్ ఈ బాలుర పత్రికలపై నొక దీర్ఘవ్యాసము వ్రాసెను. లోకమున నెన్ని మార్పులు వచ్చినను ఈ కథలలోని ప్రపంచము 1910వ సంవత్సరముననే నిలిచిపోయినదనియు, ఇందు పరదేశీయులందఱు హాస్యపాత్రలేయనియు, ధనికుల యాధిపత్యము సహజమను భావము పసివాని మనస్సులో నెవరికిని తెలియకుండ నాటుకొనుచున్నదనియు ఆయన వాదము. చిన్ననాడు చదివిన కాగితమే పెద్దవాడైన పిదప వాని యభిప్రాయమగునని చెప్పి, ఆ పత్రికలు ఎవరి చేతిలో నున్నవో చూడుడని ఆయన హెచ్చరించెను. మా యుద్దేశమున ఈ విషయమై వ్రాయబడిన వ్రాతలలో ఇంతకంటె సూక్ష్మమైనది లేదు. ఐనను ఆర్వెల్ చేసినది విమర్శ మాత్రమే. మఱియొక పత్రికను పెట్టుట ఆయన పని కాదు.

ఆ పనిని చేసినవాడు లాంకషైరునందు సౌత్‌పోర్టు సమీపమున బర్క్‌డేల్ అను చోట 1945 నుండి చర్చి ఆచార్యుడుగా నున్న మార్కస్ మోరిస్. ఆయన తన చర్చికి సంబంధించిన చిన్న పత్రికను ‘ఆన్విల్’ అను పేర సొంపైన మాసపత్రికగా మార్చి, దానివలన ఋణముల పాలయ్యెను. ఆ పత్రికకు బొమ్మలు వేయుటకు వచ్చిన ఫ్రాంక్ హాంప్సన్ అప్పటికి యుద్ధమునుండి తిరిగివచ్చి చిత్రకళ నభ్యసించుచున్న యువకుడు. అతని కుంచెయందలి శక్తిని మోరిస్ మొదటి చూపులోనే గుర్తించెను.

ఆ కాలమున అమెరికా దేశపు బొమ్మల పుస్తకములు ఇంగ్లండులో వ్యాపించుచుండెను. వానిలో హాస్యముగలవి కొన్ని యున్నను, పీనుగులు, చిత్రహింసలు, హంతకులు గలవి పెక్కులుండెను. 1949 ఫిబ్రవరిలో మోరిస్ ‘సండే డిస్పాచ్’ పత్రికలో వీనిని ఖండించుచు నొక వ్యాసము ప్రకటించెను. దానికి పాఠకులనుండి ఉత్తరములు వెల్లువగా వచ్చెను. ఇంతవఱకు ఆయన చేసినది పదిమంది సంస్కర్తలు చేయునదే. ఆయన విశిష్టత యంతయు తరువాతి యడుగున నున్నది. ఆ పుస్తకములలోని విషయమును అసహ్యించుకొనుచునే, బొమ్మల వరుసతో కథ చెప్పు విధానమునకు గల శక్తిని ఆయన మెచ్చుకొనెను. దోషము పాత్రలో నున్నదిగాని పాత్రధారిలో లేదని, అనగా, విషయమున నున్నదిగాని విధానమున లేదని ఆయన గ్రహించెను. బొమ్మలకథయన్ననే మొగము చిట్లించు పండితులకు ఈ వివేకము కలుగలేదు.

అటుపిమ్మట జరిగినది మిక్కిలి రసవంతము. మోరిస్ హాంప్సనులు మొదట లెక్స్ క్రిస్టియన్ అను నాయకుని కల్పించిరి. అతడు లండను తూర్పు భాగమున పేదల వాడలలో దుర్మార్గులతో పోరాడు మతాచార్యుడు. ఒక వార్తాపత్రికలో నా కథ ప్రకటింపబడవలసియుండగా, దాని సంపాదకుడు ప్రమాదమున మరణించుటచే ఆ యత్నము ఆగిపోయెను. పిమ్మట ఒక కథగాక సంపూర్ణమైన వారపత్రికయే పెట్టుదమని తలచి, నాయకుని ఆకాశమునకు పంపిరి. అప్పటికిని అతడు గ్రహాంతర సేనలో మతాచార్యుడే. పేరు డాన్ డేర్. మాదిరి సంచికను తయారుచేసికొని మోరిస్ లండనునందలి ప్రచురణకర్తల గుమ్మములన్నియు త్రొక్కెను. తుదకు ‘పిక్చర్ పోస్ట్’ పత్రికాధిపతులైన హల్టన్ సంస్థవారు అంగీకరించిరి. పత్రిక వెలువడునాటికి డాన్ డేర్ మెడనున్న మతాచార్యుని పట్టీ యూడిపోయెను. అతడు కల్నల్ డాన్ డేర్, భవిష్యత్కాలపు విమానచోదకుడు. బోధకుడు పోయి, ఆడినమాట తప్పనివాడు, బలహీనుని విడిచిపెట్టనివాడు మిగిలెను.

ఈ పట్టీ యూడుటయే ‘ఈగిల్’ విజయమునకు మూలమని మేము తలంచుచున్నాము. ఇది ధర్మమును వర్తకమునకు బలియిచ్చుట కాదు. పిల్లవాడు ఉపదేశమును వాసనచేతనే పసిగట్టును. నీతి చెప్పబోవుచున్నారని తెలిసిన మఱుక్షణమున వాని చూపు కిటికీవైపు తిరుగును. అదే నీతి యొక మనుష్యుని నడతగా కనబడినచో, వాడు దానిని వీధిలో ఆటగా నాడును. మోరిస్ తన జీవితాంతము ఉపన్యాసపీఠము నెక్కుటకు శిక్షణ పొందినవాడు. అట్టివాడు తన కథలో ఉపన్యాసము నణచుకొనుట సామాన్యమైన నిగ్రహము కాదు. పత్రిక పేరులో మాత్రము పాతజ్ఞాపక మొకటి మిగిలినది. ఆంగ్ల చర్చీలలో బైబిలు నుంచి చదివెడి పీఠము తఱచు గరుడపక్షి రూపమున నుండును; దానినిబట్టి ఈ పేరును హాంప్సన్ భార్య సూచించెను.

మొదటి సంచిక సుమారు 9 లక్షల ప్రతులు చెల్లెను. వెల మూడు పెన్నీలు, పుటలు ఇరువది, అందు పెక్కింటికి రంగులు. కాగితమునకు ఇంకను కఱవుగా నున్న యా దినములలో అట్టి కాగితము, అట్టి ముద్రణ పిల్లల పత్రికకు నంతకుముందు లభింపలేదు. పిల్లలకు గదా యని నాసిరకము చాలునను భావము ఎల్లదేశములందును గలదు. పెండ్లివారికి మంచి విస్తళ్లు, పిల్లలకు చినిగిన విస్తళ్లు వేయునట్లు, సాహిత్యమునందును మిగులు తగులు వారికి పెట్టుట మన యలవాటు. ‘ఈగిల్’ ఈ యలవాటును వమ్ము చేసెను.

డాన్ డేర్ మొదటి కథను చూడుడు. అది 1990 ప్రాంతముల భవిష్యత్తున జరుగును. భూలోకమంతయు నొకే ప్రభుత్వము క్రింద నున్నది, కాని ప్రజలకు తిండి చాలుటలేదు. ఆహారమునకై శుక్రగ్రహమునకు పోయిన నౌకలు దారిలోనే పేలిపోవుచున్నవి. ఇంగ్లండులో ఆహారనియంత్రణము 1954 వఱకు తొలగలేదు. అనగా, ఆ కథను చదివిన పిల్లవాడు కూపను చీటితో వెన్నకొఱకు వరుసలో నిలుచున్న తల్లి ప్రక్కన నిలిచినవాడే. గ్రహాంతర యాత్రకు కారణము రాజ్యకాంక్ష గాక, బంగారము గాక, ఆకలి యగుటలోని యౌచిత్యము వానికి వివరింప నక్కఱలేదు.

ఆ యాత్రకు పోవువారిలో ప్రొఫెసర్ పీబాడీ యను శాస్త్రవేత్త యొకరు. ఆ ప్రొఫెసరు స్త్రీయని తెలిసినప్పుడు వృద్ధ నౌకాధిపతి సర్ హ్యూబర్ట్ అభ్యంతరము చెప్పును. ఆమె పోషకాహారశాస్త్రము తెలిసినది, నౌకను నడపగలది; ఆమెయే లేనిచో యాత్రకు ప్రయోజనమే లేదు. క్రమముగా ఆ వృద్ధుని యభ్యంతరము ఆమె పనిముందు నిలువలేకపోవును. 1950లో బాలుర పత్రికలో ఇంత చేయుట సామాన్యము కాదు.

శుక్రగ్రహమున నెదురగు శత్రువు మెకాన్. పచ్చని దేహము, పెద్ద తల, కృశించిన కాళ్లు. గాలిలో తేలు పీఠముపై గూర్చుండి ట్రీనులను జాతిని పాలించును. అతనికి క్రోధము లేదు, లోభము లేదు, కరుణయు లేదు. అతనికున్నది బుద్ధి యొక్కటే. ప్రాణులన్నియు అతనికి ప్రయోగసామగ్రి. సామాన్యముగా పిల్లల కథలలో దుష్టుడు తెలివితక్కువవాడో, కోపిష్ఠియో యగును. ఇక్కడ దుష్టుడు మహాశాస్త్రజ్ఞుడు. హిరోషిమాపై బాంబు పడి యైదేండ్లయినను నిండని కాలమున, దయ లేని విజ్ఞానము ఎట్లుండునో పదేండ్ల పిల్లవానికి తెలియునట్లు చూపిన మఱియొక రూపము మాకు తోచుటలేదు. ఆ పత్రికయే మఱియొక పుటయందు రైలింజనుల లోపలి భాగములను, ఓడల గర్భములను కోసి చూపినట్లు చిత్రించి శాస్త్రముపై ప్రీతి కలిగించెడిది. శాస్త్రమును ప్రేమింపుము, దానికి దాసుడవు కాకుము అని రెండు పుటలును గలిసి చెప్పుచుండెను. ఆ మాట మాత్రము ఎచ్చటను అక్షరములలో లేదు.

చివరి పుట మహాపురుషుల చరిత్రలకు కేటాయింపబడెను. మొదట వచ్చినది సెయింట్ పాల్ చరిత్ర. దానినిగూడ సముద్రయానములు, నౌకాభంగములు గల సాహసకథగా నడపిరి. పత్రికకు అనుబంధముగా నొక పిల్లల సంఘముండెను. అందు పరోపకారము చేసిన బాలురకు ‘మగ్’ అను బిరుదము నిచ్చెడివారు. ఆ మాటకు లోకభాషలో వెఱ్ఱివాడని యర్థము. యుద్ధానంతరపు దొంగబజారు దినములలో, లాభము లేక పనిచేయువానిని నలుగురు వెఱ్ఱివాడనిరి. ఆ తిట్టునే సంపాదకుడు గౌరవనామముగా మార్చెను. ఇంతటి చమత్కారము గల నీతిబోధ మన బాలసంఘములకును ఆదర్శప్రాయమని మా యభిప్రాయము.

ఇక దోషములు. ప్రశంస చేసినంతనే విమర్శకుని ధర్మము తీరదు.

మొదటిది: ‘మాగ్నెట్’లోని యంతస్తుల లోకము ఇందు పూర్తిగా నశింపలేదు. డాన్ డేర్ సేవకుడు డిగ్బీ లాంకషైరునందలి విగన్ ఊరివాడు. విశ్వాసపాత్రుడు, ధైర్యశాలి, ఐనను హాస్యమంతయు అతని పాలు, అధికారమంతయు దొరపాలు. భానీపూరు నవాబు స్థానమున విగన్ శ్రామికుడు వచ్చెను, పీట మారలేదు. 1952 నుండి వచ్చిన ‘లక్ ఆఫ్ ది లీజన్’ అను కథయందు నాయకులు ఫ్రెంచివారి విదేశీ దళమునకు చెందిన సైనికులు. పరుల యెడారిని కాపలా కాయువాడు వీరుడు, ఆ యెడారియందు పుట్టినవాడు శత్రువు! ఇతర గ్రహములవారి దాస్యమునకు కన్నీరు కార్చిన పత్రికకు భూలోకమునందలి దాస్యము అంత స్పష్టముగా కనబడలేదు. 1957–58లలో చర్చిల్ జీవితమును బొమ్మలకథగా ప్రకటించిరి. చిత్రకారుడు ఫ్రాంక్ బెల్లమీ నేర్పు అపారము. ఐనను 1943నాటి బెంగాలు కఱవును తలచుకొను భారతీయ పాఠకుడు ఆ కథను ఆంగ్లబాలుని హృదయముతో చదువలేడు.

రెండవది స్త్రీలకు సంబంధించినది. 1951లో ఈ సంస్థవారే బాలికలకు ‘గర్ల్’ అను సోదరీపత్రికను స్థాపించిరి. దాని మొదటి నాయిక కిట్టీ హాక్, స్త్రీలే నడపు విమానదళమునకు నాయకురాలు. బాలికలకు ఈ కథ రుచింపలేదని త్వరలోనే దానిని వెనుకకు నెట్టి, పాఠశాల కథలను, నాట్యకత్తెల కథలను ముందుకు తెచ్చిరి. వర్తకదృష్టిచే నిది సరియైనదే కావచ్చును. ఐనను మేమొక ప్రశ్న నడుగుదుము. పీబాడీకి సర్ హ్యూబర్ట్ చూపిన యభ్యంతరము నోడించుటకు ఆ కథకుడు ఎన్ని వారములు ఓపిక పట్టెను! అంత యోపిక కిట్టీ హాక్‌కు ఏల దొరకలేదు? పుట్టినది మొదలు విమానము నీది కాదని చెప్పబడిన బాలికకు, విమానపు కథ మొదటి నాడే రుచింపకపోవుట వింతయా? రుచి యనునది అభ్యాసమువలన గలుగును. సంస్కర్తలు అమ్మకపు లెక్కకు తలయొగ్గిన చోటు ఇది.

మూడవ దోషము అన్నిటికంటె పెద్దది. అది పుటలలో గాక ఒడంబడికలో నున్నది. హాంప్సన్ పనిచేసిన విధము తెలిసినచో దాని భారము తెలియును. సౌత్‌పోర్టు దగ్గఱ నొక పాత రొట్టెల బట్టీయే అతని మొదటి చిత్రశాల. అతడు నౌకలకు నమూనాలు చేయించెను. తోడి చిత్రకారులను, తన తండ్రిని సహితము దుస్తులతో నిలువబెట్టి ఛాయాచిత్రములు తీయించి, వానిని జూచి బొమ్మలు వేసెను. సర్ హ్యూబర్ట్ ముఖము అతని తండ్రిదే. వారమునకు రెండు పుటలకొఱకు ఒక చిన్న బృందము రాత్రులు మేలుకొనెడిది. అతని సంతకము పుటపై నుండెను. ఆనాటి బాలపత్రికలలో చిత్రకారుల పేరు వేయుటయే యరుదు గనుక ఇది గౌరవమే. కాని డాన్ డేర్‌పై సర్వహక్కులును సంస్థవి. ఆ పేరుతో తుపాకిబొమ్మలు, పుస్తకములు, ఆటవస్తువులు దేశమంతట నమ్ముడయ్యెను; ఆ సొమ్మునందు హాంప్సనునకు స్వత్వము లేదు. పేరిచ్చిరి, హక్కీయలేదు. పిల్లలకు న్యాయమును బోధించిన పత్రిక తన చిత్రకారునికి న్యాయము చేయలేకపోయెను. ఒడంబడికను వ్రాసినవారు వర్తకులే గాని మోరిస్ కాడని చెప్పవచ్చును. ఐనను దీపము క్రింది చీకటి దీపముదే.

1959లో హల్టన్ సంస్థను ఓడమ్స్ వారు కొనిరి. ఆ సంవత్సరమే మోరిస్ వెడలిపోయెను, హాంప్సనును డాన్ డేర్‌ను విడిచెను. కొత్త యజమానులు వ్యయము తగ్గింప గోరిరి. హాంప్సన్ పత్రికకు చేసిన చివరి పెద్దపని 1960–61లలో వచ్చిన క్రీస్తు జీవితకథ. దానికై అతడు పాలస్తీనా ప్రాంతములకు పోయి కొండలను, వీధులను చూచివచ్చెను. అంతటి శ్రద్ధకు క్రొత్త లెక్కలపుస్తకమున చోటు లేకపోయెను. పిమ్మట యజమానులు మఱల మారిరి. కాగితము తగ్గెను, పాతకథలు మఱల ముద్రింపబడెను. 1969 ఏప్రిల్‌లో ‘ఈగిల్’ ‘లయన్’ అను మఱియొక పత్రికలో గలిసిపోయెను. 1982లో అదే పేరుతో నొక పత్రిక మఱల పుట్టి 1994 వఱకు నడచినను, అది నామసామ్యమే గాని ప్రాణసామ్యము కాదు.

హాంప్సన్ కొన్నాళ్లు చిన్నపిల్లల పుస్తకములకు బొమ్మలు వేసి, తుదకు ఒక సాంకేతిక కళాశాలలో చిన్న యుద్యోగము చేసెను. 1975లో ఇటలీయందలి లూకా నగరమున లోకములోని బొమ్మలకథల చిత్రకారులు గుమిగూడి అతనిని తమలో నాచార్యుడని సన్మానించిరి. తన దేశమున తన వీరుని పేర సొమ్ము చేసికొన్నవారు అట్టి సన్మానము చేయలేదు. 1985లో అతడు మరణించెను. మోరిస్ 1989లో మరణించెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మఱల వత్తము. 1955లో బ్రిటిషు పార్లమెంటు పిల్లలకు హానికరమగు ప్రచురణములను నిషేధించుచు నొక చట్టము చేసెను. దాని కొఱకు ఉపాధ్యాయులు, చర్చివారు, కమ్యూనిస్టులు గూడ పోరాడిరి. మఱుసటి యేడు, 1956లో, మన పార్లమెంటును అట్టి చట్టమునే చేసెను; ఇరువది యేండ్ల లోపు వయసువారికి నేరమును, హింసను, క్రూరత్వమును బొమ్మలకథలుగా చూపు పుస్తకములు దాని గుఱి. చట్టము అనవసరమని మేమనము. ఐనను చట్టము చేయగలిగినది చేతిలోనుండి లాగుటయే. దానికైదేండ్ల ముందుగనే ఒక ఆచార్యుడును ఒక చిత్రకారుడును చేతిలో పెట్టుట మొదలిడిరి. ఆ చట్టము పేరు నేడెందఱికి తెలియును? ఆ బొమ్మలను చూచి పెరిగినవారు మాత్రము ముదిమియందును వానిని మఱువలేదు.

ఇచ్చట మఱియొక మాట చెప్పక తప్పదు. సంస్కర్తల పత్రిక పందొమ్మిదేండ్లకు ముగిసినది. అల్లరిపిల్లల ‘బీనో’ నేటికిని వెలువడుచున్నది. దీనినిబట్టి పిల్లలకు మంచి యక్కఱలేదని తలంచుట తప్పు. నవ్వు గూడ పిల్లలకు మంచియే. పెద్దవాని టోపీ యెగిరిపోగా నవ్విన పిల్లవాడు చెడిపోడు. ఇంటిలో రెండింటికిని చోటుండవలెను. అన్నముతోపాటు ఊరగాయయు విస్తరిలో నుండును గదా. నిషేధింపవలసిన క్రూరత్వమునకును, సహింపవలసిన యల్లరికిని భేదము తెలియని సంస్కర్త పిల్లల విశ్వాసమును కోల్పోవును. ఆ విశ్వాసము పోయిన పిదప అతడు ఎంత మంచి పుస్తకము నిచ్చినను, అది మందు మాత్రవలెనే కనబడును.

‘ఈగిల్’ చరిత్రనుండి మేము గ్రహించినది ఇది. పిల్లల కొఱకు చేయు పనిలో శ్రేష్ఠమైన కాగితము, శ్రేష్ఠమైన కుంచె, శ్రేష్ఠమైన యాలోచన వాడినవారు గెలుతురు. నీతిని చెప్పక నడతలో చూపినవారు గెలుతురు. ఆ నీతి పుట దాటి కూలిచీటి వఱకు, ఒడంబడిక వఱకు రానిచో, గెలిచినది నిలువదు. పత్రికకు ప్రాణమిచ్చినవానికి పత్రికలో భాగము లేనప్పుడు, యజమాని మారిన నాడే ఆ ప్రాణము పోవును. అవి శ్రీరంగనీతులుగానే మిగులును.

కావున గృహస్థులైన మా పాఠకులకు ఒక విన్నపము. మీ పిల్లలకొక పత్రికను కొనునప్పుడు ముందు మీరు దానిని మొదటినుండి తుదివఱకు చదువుడు. అందు నవ్వులపాలగు వాడెవడు, వాని జాతియేది, వాని వృత్తియేది, పిల్లలతోడనే యడిగి చూడుడు. బాలికకు అందు ఏ పని యిచ్చిరో చూడుడు. తరువాత బొమ్మ క్రింద చిత్రకారుని పేరున్నదేమో వెదకుడు. పేరున్నచో దానిని పిల్లలచే చదివింపుడు. లేనిచో, ఏల లేదని పత్రికవారికొక ఉత్తరము వ్రాయుడు. పిల్లవాని చేతిలో కాగితము పెట్టిన చేతులెవరివో తెలిసికొనుటయు బాలవిద్యలో నొక పాఠమే.